ఫోటో ప్రింటరును ఎండబెట్టకండి

సంపాదకులకు నమస్కారం.

పాత ఫోటోలు స్కాన్ చేసి, మరకలూ మడతలూ సరిచేసి, కొత్తగా ప్రింటు తీసి ఇవ్వడం నా పని. పదకొండేళ్ళుగా చేస్తున్నాను. ఈమధ్య నెల రోజుల్లో ముగ్గురు తమ ఫోటో ప్రింటర్లు మోసుకుని నా దగ్గరికి వచ్చారు. ముగ్గురిదీ ఒకటే మాట. "హెడ్ పోయిందన్నారండీ. కొత్త హెడ్ వేయించే బదులు కొత్త ప్రింటరే కొనుక్కోమన్నారు. పారేసే ముందు మీకొకసారి చూపిద్దామని తెచ్చాను." హెడ్ అంటే కాగితం మీద ఇంకు చిమ్మే భాగం. ఆ మూడింటిలో రెండు ఇప్పుడు చక్కగా పనిచేస్తున్నాయి. మూడోదాన్ని బాగుచేయడం నా వల్ల కాలేదు. అన్నీ ఆ స్థితికి రావడానికి మూలం ఒక్కటే, వాడకుండా వదిలేయడం. ఇంకు ఎండిపోయాక కంగారులో చేసిన పనులు మిగతా నష్టం చేశాయి. ఇది నలుగురికీ తెలియాలని మీ పత్రికకు రాస్తున్నాను.

ఇదే తప్పు ఎనిమిదేళ్ళ క్రితం నేనూ చేశాను. నెల రోజులు ఇంట్లో ఉండనని తెలిసి, బయల్దేరే తొందరలో, చివరి ప్రింటు ట్రేలో పడగానే ప్లగ్ దగ్గర స్విచ్ ఆపేశాను. ప్రింటర్ మీదుండే బటన్ నొక్కలేదు. తిరిగొచ్చాక స్విచ్ వేయకముందే పైమూత తెరిచి దుమ్ము తుడుస్తుంటే, హెడ్ కుడివైపు చివరన ఉండాల్సింది, నాలుగు వేళ్ళ దూరంలో ఆగిపోయి కనిపించింది. దాని అర్థం నాకు అప్పటికి తెలియదు. మామూలుగా ఆన్ చేసి మా అమ్మ ఫోటో ప్రింటుకి పెట్టాను. ఆవిడ పద్దెనిమిదేళ్ళ వయసులో స్టూడియోలో దిగిన బ్లాక్ అండ్ వైట్ ఫోటో. ఒక్కటే కాపీ ఉంది. మేం నలుగురు తోబుట్టువులం తలొకటి దాచుకుందామనుకున్నాం.

కాగితం బయటికి వస్తుంటే అమ్మ నుదుటి మీద అడ్డంగా సన్నటి తెల్లగీతలు, దువ్వెన పళ్ళలా వరసగా ఉన్నాయి. ముఖమంతా ఆకుపచ్చ ఛాయ. బ్లాక్ అండ్ వైట్ ఫోటోకి ఆకుపచ్చ ఎక్కణ్ణుంచి వచ్చిందో చాలాసేపు అర్థం కాలేదు. తర్వాత తెలిసింది. చాలా ఫోటో ప్రింటర్లు బూడిద రంగును నల్ల ఇంకు ఒక్కదానితో వేయవు. సయాన్ (ఆకాశనీలం లాంటి రంగు), మజెంటా (ముదురు గులాబీ), పసుపు కూడా కొద్దికొద్దిగా కలుపుతాయి. అందులో మజెంటా రావడం ఆగిపోతే త్రాసులో ఒక పక్క బరువు తీసేసినట్టే, రంగు ఆకుపచ్చ వైపు ఒరిగిపోతుంది.

నాజిల్ చెక్ పేజీ తీశాను, అంటే ఏ రంగు సరిగ్గా వస్తోందో గీతలతో చూపే కాగితం. లేత మజెంటా గడి మొత్తం ఖాళీ. సయాన్ గీతల్లో సగం తెగి ఉన్నాయి. కంప్యూటర్లో హెడ్ క్లీనింగ్ అని బటన్ కనిపిస్తే నొక్కాను. మార్పు లేదు. మళ్ళీ నొక్కాను. ఆ సాయంత్రం తొమ్మిదిసార్లు నొక్కాను. బాగానే ఉన్న రంగుల ఇంకు కూడా అడుగంటింది, లేత మజెంటా మాత్రం రాలేదు. కొత్త కార్ట్రిడ్జ్‌లు వేసి మరో నాలుగుసార్లు. సర్వీస్‌కి వచ్చిన మనిషి మూత కూడా తెరవకుండా, "హెడ్ పోయిందమ్మా" అని వెళ్ళిపోయాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ప్రింటర్ పోయిందని కాదు, ఒప్పుకున్న పనులు ఆగిపోతాయన్న టెన్షన్.

ఆ హెడ్ పోలేదు. తర్వాత మూడేళ్ళు పనిచేసింది. అదెలా బాగుపడిందో చెప్పేముందు లోపల ఏం జరుగుతుందో కొంచెం చెప్పాలి.

హెడ్‌లో ఇంకు చిమ్మే రంధ్రాన్నే నాజిల్ అంటారు. దాని వెడల్పు సుమారు 20 మైక్రాన్లు. మన తలవెంట్రుక దానికి మూడు నాలుగు రెట్లు లావుంటుంది. నేను వాడే ప్రింటర్‌లో ఒక్కో రంగుకు అలాంటివి 180 ఉన్నాయి. ఒక్కో రంధ్రం నుంచి పడే చుక్క కొద్ది పికోలీటర్లే. లీటరును లక్ష కోట్ల భాగాలు చేస్తే అందులో ఒక భాగం పికోలీటర్. అంత చిన్న చుక్క ఆరడానికి ఎంతసేపు పడుతుంది? అందుకే ఇంకు తయారుచేసేవాళ్ళు అందులో గ్లిజరిన్ లాంటివి కలుపుతారు, తొందరగా ఆరకుండా. అయినా ఇంకులో ఎక్కువ భాగం నీరే. గాలి తగిలితే నీరు ఎగిరిపోతుంది, మిగిలింది రంధ్రం దగ్గర జిగురులా గట్టిపడుతుంది. డై ఇంకు అయితే నీళ్ళలో కరిగిన రంగు కాబట్టి, ఎండినా మళ్ళీ తడి తగిలితే చాలావరకు కరుగుతుంది. పిగ్మెంట్ ఇంకులో రంగు కరిగి ఉండదు. చాలా సన్నటి పొడి రేణువులుగా తేలుతుంటుంది, వాటిని పట్టి ఉంచడానికి చాలా ఇంకుల్లో జిగురులాంటి రెజిన్ కూడా ఉంటుంది. అది ఎండితే వదిలించడం కష్టం. ఫోటో ఎక్కువకాలం వెలిసిపోకుండా ఉండాలనుకునేవాళ్ళు పిగ్మెంటే వాడతారు. కాబట్టి వాళ్ళే ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి.

పని లేనప్పుడు హెడ్ వెళ్ళి కూర్చునే చోటు ఒకటుంటుంది. చాలా ప్రింటర్లలో కుడి చివరన ఉంటుంది. రబ్బరు అంచున్న చిన్న గిన్నె. సర్వీస్ వాళ్ళు దాన్ని క్యాప్ అంటారు. ఆ రబ్బరు అంచు కిందనుంచి హెడ్‌ను గట్టిగా అదుముకుని గాలి చొరబడకుండా మూస్తుంది. ప్రింటర్ మీదున్న బటన్‌తో ఆపితే హెడ్ ముందు ఆ గిన్నె మీదికి వెళ్ళి, మూసుకున్నాకే కరెంటు ఆగుతుంది. పని మధ్యలోనో, ప్రింటు పడిన మరుక్షణమో ప్లగ్ దగ్గర ఆపేస్తే హెడ్ ఎక్కడుంటే అక్కడే నోరు తెరుచుకుని ఉండిపోతుంది. నా ప్రింటర్ నెల రోజులు అలాగే ఉంది. ఆ నాలుగు వేళ్ళ దూరం చేసిన పని అది.

హెడ్ క్లీనింగ్ నొక్కినప్పుడు పనిచేసేదీ ఆ గిన్నే. దాని అడుగున గొట్టం, గొట్టానికి చిన్న పంపు ఉంటాయి. హెడ్ క్యాప్ మీద మూసుకుని ఉండగా పంపు కిందినుంచి పీల్చి, రంధ్రాల గుండా ఇంకును లాగుతుంది. లాగిన ఇంకు ప్రింటర్ అడుగున ఉండే వేస్ట్ ఇంక్ ప్యాడ్‌లోకి పోతుంది. ఇక్కడ రెండు విషయాలున్నాయి. ఒకటి, రబ్బరు అంచు మీద ఎండిన ఇంకు పేరుకుంటే మూత సరిగ్గా పడదు. అప్పుడు పంపు గాలినే పీలుస్తుంది. వందసార్లు నొక్కినా రంధ్రంలోంచి ఇంకు కదలదు. రెండు, ఆ ప్యాడ్ ఎంత నిండిందో ప్రింటర్ లోపల లెక్క ఉంటుంది. లెక్క నిండితే ప్యాడ్ మార్చమని చెప్పి ప్రింటర్ పని ఆపేస్తుంది. కొన్ని కొత్త మోడళ్ళలో ఆ డబ్బా మనమే మార్చుకోవచ్చు. మిగతావాటిలో సర్వీస్‌కి వెళ్ళాల్సిందే. క్లీనింగ్ నొక్కిన ప్రతిసారీ మనం ఆ రోజును దగ్గరికి తెచ్చుకుంటున్నట్టే.

నా దగ్గరికి వచ్చిన మొదటి ప్రింటర్ జబ్బు అచ్చంగా ఇదే. హెడ్‌కి ఏమీ కాలేదు. క్యాప్ అంచు చుట్టూ నల్లటి గట్టు కట్టింది, వేలితో తడిమితే గరుగ్గా తగిలింది. పీచు ఊడని స్వాబ్‌ను డిస్టిల్డ్ వాటర్‌లో ముంచి ఆ గట్టును మెల్లగా నాననిస్తూ తుడిచాను. పది స్వాబ్‌ల దాకా పట్టాయి. పక్కనే హెడ్ అడుగును తుడిచే రబ్బరు పట్టీ ఉంటుంది, వైపర్. దానికీ జిడ్డు పట్టింది, అదీ తుడిచాను. తర్వాత క్యాప్‌లో నాలుగు చుక్కలు డిస్టిల్డ్ వాటర్ వేసి, ఒక్కసారి హెడ్ క్లీనింగ్ పెట్టి, నాజిల్ చెక్ తీస్తే గీతలన్నీ నిండుగా వచ్చాయి. ప్రింటర్ తెచ్చినావిడ ఆ కాగితాన్ని మడిచి బ్యాగులో పెట్టుకుని వెళ్ళారు.

రెండోది నా పాత ప్రింటర్ లాంటిదే. నాలుగు నెలలు కదిలించలేదట. నాజిల్ చెక్ రెండుసార్లు తీసి పక్కపక్కన పెట్టి చూశాను. ఇది తప్పకుండా చేయాల్సిన పని. తెగిన గీతలు రెండు కాగితాల్లోనూ ఒకే చోట ఉంటే రంధ్రంలో ఇంకు ఎండిందని అర్థం. ఒకసారి ఒకచోట, ఇంకోసారి మరోచోట తెగుతుంటే లోపల గాలి చేరిందనో, ఇంకు సరిగ్గా అందడం లేదనో అనుకోవాలి. గాలి అయితే కడగాల్సిన పని లేదు. ఆపేసి ఒక రాత్రి వదిలేస్తే చాలాసార్లు తనంతట తనే సర్దుకుంటుంది. ఎప్సన్ మాన్యువల్స్‌లో కూడా, క్లీనింగ్ మూడుసార్లు చేసినా బాగుపడకపోతే ఆపేసి, మోడల్‌ను బట్టి ఆరు గంటలో పన్నెండు గంటలో ఆగమని ఉంటుంది. కెనాన్ వాళ్ళు డీప్ క్లీనింగ్ (మామూలుకన్నా గట్టిగా చేసే క్లీనింగ్) తర్వాత కూడా రాకపోతే ఆపేసి 24 గంటలయ్యాక మళ్ళీ చేయమంటారు. ఆగమన్నారంటే ఆగాలి. ఆ ఆగిన సమయంలోనే తాజా ఇంకు ఎండిన ఇంకును మెత్తబరుస్తుంది.

ఈ ప్రింటర్‌లో తెగిన గీతలు రెండు కాగితాల్లోనూ ఒకే చోట ఉన్నాయి. కాబట్టి నానబెట్టాను. హెడ్ క్యాప్ మీదనుంచి కదిలి మధ్యకు వచ్చినప్పుడు ప్లగ్ తీసేశాను. ఇప్పుడు హెడ్ చేత్తో అటూఇటూ తేలిగ్గా జరుగుతుంది. జరగకపోతే బలం పెట్టకూడదు. పేపర్ టవల్‌ను హెడ్ వెడల్పుకి సరిపడా పట్టీలా మడిచి, డిస్టిల్డ్ వాటర్‌లో తడిపి, నీళ్ళు కారకుండా పిండి, హెడ్ నడిచే దారిలో పరిచి, హెడ్‌ను మెల్లగా దాని మీదికి జరిపాను. పది నిమిషాల తర్వాత తీసి చూస్తే టవల్ మీద రంగు చారలు అచ్చు పడ్డాయి. నలుపు, పసుపు, సయాన్ చారలు నిండుగా ఉన్నాయి. మజెంటా ఉండాల్సిన చోట టవల్ తెల్లగా ఉంది. ఏ రంగు పారుతోందో, ఏది పారడం లేదో ఆ తడి కాగితమే చెప్పేస్తుంది. కొత్త పట్టీ తడిపి రాత్రంతా హెడ్ కింద ఉంచాను. పొద్దున్న తీస్తే ఆ తెల్లటి చోట గులాబీ రేకంత లేత చార. దాన్ని చూసినప్పుడు కలిగిన సంతోషం ఎలా చెప్పాలో తెలియదు. రెండో రాత్రికి చార ముదురుగా వచ్చింది. ఆ తర్వాత ఒకే ఒక్క హెడ్ క్లీనింగ్. ఎనిమిదేళ్ళ క్రితం నా ప్రింటర్ బాగుపడిందీ ఇలాగే, రెండు రాత్రులు నానబెట్టాక.

డిస్టిల్డ్ వాటరే ఎందుకంటే, కుళాయి నీళ్ళలోని లవణాలు ఆరాక ఆ సన్నటి రంధ్రాల్లోనే మిగులుతాయి. కొందరు అమ్మోనియా ఉన్న అద్దాలు తుడిచే ద్రవం వాడతారు. మొండి పిగ్మెంట్‌కి అది పనిచేస్తుంది, అయినా నేను ముందు నీళ్ళతోనే మొదలుపెడతాను. స్పిరిట్ మాత్రం తొందరపడి వాడొద్దు. కొన్ని పిగ్మెంట్ ఇంకులు ఆల్కహాల్ తగిలితే విరిగిన పాలలా గడ్డకడతాయి. ఎక్కడా వేడినీళ్ళు పోయొద్దు. హెడ్ మీది రాగి రంగు కాంటాక్టులకు తడి తగలనివ్వొద్దు.

కార్ట్రిడ్జ్‌తోపాటే హెడ్ ఉండే రకం ప్రింటర్లవాళ్ళకి ఇంత శ్రమ లేదు. కార్ట్రిడ్జ్ తీసి, గోరువెచ్చటి డిస్టిల్డ్ వాటర్‌తో తడిపిన టిష్యూ మీద దాని అడుగును నిమిషం రెండు నిమిషాలు ఆనించి, ఇంకు అచ్చు పడ్డాక మెత్తగా అద్ది తిరిగి పెట్టేయొచ్చు.

ఇక మూడో ప్రింటర్. దాని యజమాని మంచివాడు, ఓపికగలవాడు, చదువుకున్నవాడు. ఎవరో చెబితే సిరంజి తీసుకుని, గొట్టం తగిలించి, ద్రవం నింపి బొటనవేలితో గట్టిగా నొక్కాడట. ఏదో "టప్"మన్నట్టు అనిపించిందన్నాడు. ఆ తర్వాత తీసిన నాజిల్ చెక్‌లో పసుపు గడిలో మజెంటా గీతలు వచ్చాయి. లోపల రంగుల మధ్య అడ్డుగోడ చీలిపోయింది. ఇక దానికి మందు లేదు. సిరంజి వాడేవాళ్ళు ఉన్నారు, అనుభవమున్న చేతిలో అది పనికొస్తుంది కూడా. కానీ వెంట్రుకలో నాలుగో వంతు రంధ్రం ఎదురు తిరిగితే ఆ ఒత్తిడంతా లోపలి పలచటి పొరల మీద పడుతుంది. మొదటిసారి చేసేవాళ్ళు దాని జోలికి వెళ్ళొద్దని చేతులు జోడించి చెబుతున్నాను.

హెడ్ ఏ రకమో కూడా తెలుసుకోవాలి. 1977లో కెనాన్ ప్రయోగశాలలో వేడి సోల్డరింగ్ ఐరన్ పొరపాటున ఇంకున్న సిరంజి సూదికి తగిలితే సూది మొనలోంచి ఇంకు చిమ్మిందట. వేడితో ఇంకులో బుడగ పుట్టించి చుక్కను బయటికి తోసే పద్ధతికి అక్కడ దారి దొరికింది. ఆ రకం హెడ్‌ను చల్లగా ఉంచేది దాని గుండా పారే ఇంకే. రంగు రాకపోయినా పేజీల మీద పేజీలు తీస్తూ పోతే లోపలి హీటర్ కాలిపోతుంది. ఎప్సన్‌ది పీజో పద్ధతి. కరెంటు ఇస్తే వంగే పలక ఇంకును తోస్తుంది. అది అలా కాలిపోదు కానీ, హెడ్ ప్రింటర్‌లోనే బిగించి ఉంటుంది, మనం తీసి మార్చుకునేది కాదు.

ఇన్ని పాట్లు రాకుండా ఉండాలంటే చేయాల్సింది చాలా కొంచెం. నేను ప్రతి సోమవారం పొద్దున్నే ఒక నాజిల్ చెక్ తీస్తాను. అన్ని రంగుల అన్ని రంధ్రాలూ ఒకసారి పనిచేస్తాయి, ఇంకు ఖర్చు లెక్కలోకి రానంత తక్కువ. నల్ల అక్షరాల పేజీ ఒకటి తీసి సరిపెట్టుకుంటే లేత సయాన్, లేత మజెంటా కదలవు. ఫోటోలో ముందు ఆగిపోయేవి అవే. గీత ఎక్కడైనా తెగి కనిపిస్తే ఆ రోజే ఒక క్లీనింగ్‌తో పోతుంది. నెల తర్వాత అయితే రెండు రాత్రులు పడుతుంది. ప్రింటర్‌ను ఎప్పుడూ దాని బటన్‌తోనే ఆపుతాను. ఫ్యాన్ గాలి, ఏసీ గాలి నేరుగా తగిలే చోట పెట్టను. గదిలో తేమ 40 నుంచి 60 శాతం మధ్య ఉంటే మంచిది. వాడనప్పుడు పైన గుడ్డ కప్పుతాను. ఇంకు అయిపోయిన కార్ట్రిడ్జ్‌ను కొత్తది చేతికొచ్చేదాకా తీయను, ఖాళీ చోటు గుండా గాలి లోపలికి పోతుంది కాబట్టి. దూది గుజ్జుతో చేసిన మందపాటి కాగితాలకు సన్నటి నూగు ఉంటుంది. వాటిని పెట్టేముందు మెత్తటి బ్రష్‌తో ఒకసారి దులుపుతాను. అంచులు వంకరపోయిన కాగితం అసలు పెట్టను, అది హెడ్ అడుగును రాసుకుంటూ పోతుంది.

సంపాదకుల ద్వారా ప్రింటర్లు తయారుచేసేవారికి రెండు విన్నపాలు. నేను వాడిన ప్రతి ప్రింటర్ పెట్టెలోనూ మొదట కనబడే కాగితంలో ఇంకు ఎలా వేయాలి, వైఫైకి ఎలా కలపాలి అని బొమ్మలున్నాయి. వారానికోసారి ప్రింటు తీయండి, మా బటన్‌తోనే ఆపండి అన్న రెండు ముక్కలు మాత్రం మాన్యువల్ లోపలి పేజీల్లో ఎక్కడో ఉంటాయి. వాటిని ఆ మొదటి కాగితం మీద, వీలైతే బటన్ పక్కనే స్టిక్కర్ మీద తెలుగులో వేయండి. రెండోది, హెడ్ క్లీనింగ్ బటన్‌ను మూడోసారి నొక్కాక ఇంకోసారి నొక్కనివ్వకండి. "ఇక ఆపి, రేపు చూడండి" అని తెర మీద చూపించండి. ఎంత ఇంకు అయిపోయిందో లెక్కపెట్టగల యంత్రానికి ఎన్నిసార్లు నొక్కామో లెక్కపెట్టడం కష్టమేమీ కాదు.

సర్వీస్ చేసే సోదరులకు కూడా ఒక మాట. హెడ్ పోయిందని చెప్పేముందు నాజిల్ చెక్ కాగితం తీసి, ఎక్కడ తెగిందో వేలుపెట్టి యజమానికి చూపించండి. క్యాప్ ఒకసారి తుడిచి చూడండి. నా దగ్గరికి వచ్చిన మొదటి ప్రింటర్‌కి పట్టింది అరగంట.

మా అమ్మ ఫోటో, నా ప్రింటర్‌ను నానబెట్టిన ఆ రెండు రాత్రుల తర్వాత, నాలుగు కాపీలు తీశాను. నా కాపీ, గీతలు పడ్డ ఆ మొదటి ప్రింటు, రెండూ నా బల్ల మీదే పక్కపక్కన ఉంటాయి. ప్రింటర్ తెచ్చినవాళ్ళకి ముందు ఆ రెండూ చూపిస్తాను.

ఇట్లు,
మీ పాఠకురాలు